అమెరికా అధ్యక్షుడి అధికారం ఎలా పెరిగిందో చూపే ఉచిత సేవ: ‘కాన్‌స్టిట్యూషన్ అనోటేటెడ్’ సమీక్ష

హెచ్‌-1బీ వీసాపై కొత్తగా వచ్చే ఉద్యోగుల దరఖాస్తులకు లక్ష డాలర్ల చెల్లింపు విధిస్తూ 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రకటన జారీ చేసినప్పుడు, చట్టసభ ఆమోదం లేకుండా ఒక్క సంతకంతో ఇంత పని చేయవచ్చునా అన్న ప్రశ్న ఎన్నో తెలుగు ఇళ్లలో తలెత్తింది. టీవీ చర్చల్లో ఊహాగానాలు వినడం కన్నా, ఆ ప్రశ్నకు మూలాల నుంచే జవాబు వెతుక్కోదలచిన వారికి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం నడిపే ‘కాన్‌స్టిట్యూషన్ అనోటేటెడ్’ వెబ్‌సైటును నేను గట్టిగా సిఫారసు చేస్తాను.

రాజ్యాంగంలోని ప్రతి నిబంధన కింద, దానిపై సుప్రీంకోర్టు ఏయే కాలాల్లో ఏమన్నదో వివరించే వ్యాసాలు ఇందులో ఉంటాయి. కాంగ్రెస్ పరిశోధన విభాగంలోని న్యాయవాదులు వీటిని రాస్తారు. ఒకప్పుడు బరువైన గ్రంథంగా మాత్రమే దొరికిన ఈ వ్యాఖ్యానాన్ని 2019 నుంచి పదాలతో వెతుక్కుని చదవగలిగేలా ఆన్‌లైన్‌లో ఉంచారు. రుసుము లేదు, ఖాతా తెరవవలసిన పనీ లేదు.

అధ్యక్షుడి అధికారాలను చెప్పే రెండవ అధికరణం కింద, యంగ్స్‌టౌన్ కేసుపై ఉన్న వ్యాసం ఈ సైటు విలువను చాటుతుంది. కొరియా యుద్ధం సాగుతుండగా, సమ్మె వల్ల ఉక్కు ఉత్పత్తి ఆగిపోతుందన్న భయంతో అధ్యక్షుడు ట్రూమన్ 1952 ఏప్రిల్‌లో ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. జూన్ 2న సుప్రీంకోర్టు 6-3 తేడాతో దానిని కొట్టివేసింది. అయితే తరువాతి కాలాన్ని శాసించింది మెజారిటీ తీర్పు కన్నా, దానితో ఏకీభవిస్తూ జస్టిస్ జాక్సన్ విడిగా రాసిన అభిప్రాయమే. కాంగ్రెస్ అనుమతి ఉన్నప్పుడు అధ్యక్షుడి అధికారం శిఖరాన ఉంటుందనీ, కాంగ్రెస్ మౌనంగా ఉన్నప్పుడు సందిగ్ధంలో పడుతుందనీ, కాంగ్రెస్ అభీష్టానికి విరుద్ధంగా వెళ్లినప్పుడు అట్టడుగుకు చేరుతుందనీ ఆయన విభజించాడు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్‌గా పనిచేసి, అధ్యక్ష అధికారం పెరగడాన్ని లోపలి నుంచి చూసిన వ్యక్తి రాసిన మాటలివి కాబట్టే వాటికి అంత బరువు వచ్చిందని నా అభిప్రాయం.

ఆ కొలమానం చేతికి వచ్చాక వీసా ప్రశ్నను మళ్లీ చూడాలి. విదేశీయుల ప్రవేశం దేశ ప్రయోజనాలకు హానికరమని తోచినప్పుడు దానిని నిలిపివేసే, లేదా దానిపై ఆంక్షలు పెట్టే అధికారాన్ని వలస చట్టంలోని 212(ఎఫ్) సెక్షన్ అధ్యక్షుడికి ఇస్తోంది. ఆ చట్టాన్ని ట్రూమన్ వీటో చేసినా, ఉక్కు తీర్పు వచ్చిన ఆ జూన్ నెలలోనే కాంగ్రెస్ పట్టుబట్టి నెగ్గించింది. కోర్టు ఒక తలుపు మూసిన నెలలోనే చట్టసభ మరో తలుపు తెరిచిందన్నమాట. కొన్ని దేశాల పౌరులు అమెరికాలోకి రాకుండా ట్రంప్ మొదటి పదవీకాలంలో విధించిన ప్రయాణ నిషేధం కేసులో 2018లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ సెక్షన్‌కు ఎంతో విశాలమైన అర్థం చెప్పింది. అధ్యక్షుడు లాక్కున్న అధికారం కొంతైతే, కాంగ్రెస్ తానుగా అప్పగించినది ఎంతో ఎక్కువని ఈ వ్యాసాలను వరుసగా చదివితే తెలుస్తుంది. ప్రవేశాన్ని ఆపే అధికారంలో రుసుము వేసే అధికారం కూడా ఇమిడి ఉన్నదా అన్నది వేరే వివాదం. దానిని అంచనా వేయడానికి కావలసిన పునాది మాత్రం ఇక్కడ దొరుకుతుంది.

లోపాలు లేకపోలేదు. వ్యాఖ్యానమంతా తీర్పుల చుట్టూనే తిరుగుతుంది కనుక, కోర్టు గడప తొక్కని అధికార విస్తరణ ఇందులో పలుచబడిపోతుంది. యుద్ధ ప్రకటన లేకుండానే 1950లో కొరియాకు సేనలు పంపడం వంటివాటిని అర్థం చేసుకోవడానికి చరిత్ర పుస్తకాలు పక్కన ఉండాలి. ఉత్తర్వుల, ప్రకటనల పూర్తి పాఠాల కోసం ఫెడరల్ రిజిస్టర్ సైటుకు వెళ్లక తప్పదు. భాష నిష్పాక్షికమే గాని, న్యాయశాస్త్రంతో పరిచయం లేనివారికి కొరుకుడు పడదు.

2025 ఆగస్టులో మొదటి అధికరణంలోని కొన్ని భాగాలు సైటులో కనిపించకుండా పోయాయి. అక్రమ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హెబియస్ కార్పస్ హక్కుకు సంబంధించిన తొమ్మిదవ సెక్షన్ వాటిలో ఒకటి. కోడింగ్ పొరపాటని గ్రంథాలయం ప్రకటించి, త్వరలోనే సరిచేసింది. ఆ వివరణను నేను నమ్ముతున్నాను. అయినా రాజ్యాంగ పాఠానికి అధికారిక వేదికైన చోట అలాంటి తప్పిదం చిన్నదని అనలేను.

కొత్తగా చదివేవారు మొదటి పేజీ నుంచి వరుసగా వెళ్లకుండా, నేరుగా రెండవ అధికరణం మొదటి సెక్షన్ తెరిచి, యంగ్స్‌టౌన్ వ్యాసంతో ప్రారంభించి, అడుగున ఉన్న సూచికల ద్వారా అసలు తీర్పుల్లోకి వెళ్లడం మంచిది.