పెరటి కుంటలో చేపకు జబ్బు: మందు కుంటలో వేయాలా, చేపను టబ్బులోకి తీయాలా?

చేప ఒంటి మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి పుండు కనిపిస్తే ఎవరి చెయ్యైనా ముందు మందు సీసా మీదికే పోతుంది. నేనూ అదే చేశాను. హైదరాబాద్ శివార్లలో ఉన్న మా ఇంటి పెరట్లో ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు ఉన్న సిమెంటు కుంట ఉంది. ఆరు కోయి చేపలు, పది దాకా గోల్డ్‌ఫిష్, ఓ మూల కలువ. పుండు పడింది అన్నిటికన్నా పెద్ద కోయికి. ఆకివీడు దగ్గర చేపల చెరువులు చేసే మావయ్యకు ఫోన్ చేసి "ఏం మందు వెయ్యమంటావు మావయ్యా?" అని అడిగాను. "మందు సంగతి తర్వాత చూద్దాం. నీళ్ళెలా ఉన్నాయిరా? తెల్లారగట్ల చేపలు పైకి తేలుతున్నాయా?" అన్నాడు. నేను నీళ్ళవైపు చూసిందే లేదు.

ఆ తర్వాత మూడేళ్ళలో కుంటలో మందు వేయడమూ చేశాను, చేపను టబ్బులోకి తీయడమూ చేశాను. కొన్ని బతికాయి, కొన్ని నా తొందర వల్లే పోయాయి. అసలు తేడా ఏ మందు మంచిది అన్నదాంట్లో లేదని ఇప్పుడు అనిపిస్తోంది. ఎన్ని చేపలకు జబ్బు చేసింది అన్నదే ముందు చూసుకోవాలి.

రెండిటికన్నా ముందు

పుండు చేసే ఏరోమోనాస్ బ్యాక్టీరియా ఎక్కడినుంచో కొత్తగా రాదు, మామూలుగానే నీళ్ళలో ఉంటుంది. చేప ఒంటి మీది జిగురు పొర బాగున్నన్నాళ్ళు దాని ఆటలు సాగవు. మేత ఎక్కువై, అడుగున కుళ్ళు చేరి, అమ్మోనియా పెరిగితే జిగురు పొర దెబ్బతింటుంది, మొప్పలు కమిలిపోతాయి. అప్పుడు ఎంత మంచి మందు పోసినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

అక్వేరియం సామాన్లమ్మే షాపుల్లో నీళ్ళు పరీక్షించే చుక్కల మందు కిట్ దొరుకుతుంది. అమ్మోనియా, అది మారితే తయారయ్యే మరో విషం నైట్రైట్, రెండూ సున్నా చూపించాలి. భీమవరం, కైకలూరు వైపు ఉన్నవాళ్ళకు ఇంకా సుఖం, సీసాలో నీళ్ళు పట్టుకుని ఏదో ఒక ఆక్వా ల్యాబ్‌కి వెళ్తే చాలు. మా కుంట నీళ్ళు కిట్‌లో ముదురు ఆకుపచ్చకు తిరిగాయి, అంటే అమ్మోనియా బాగా ఉన్నట్టు. మూడు రోజులు వరసగా పావు వంతు చొప్పున నీళ్ళు మార్చి, మేత పూర్తిగా ఆపేశాను. ఒంట్లో సత్తువున్న కోయి వారం రోజులు తిండి లేకున్నా తట్టుకుంటుంది, జాలిపడి మేత వేస్తేనే ప్రమాదం.

కొత్తనీళ్ళతోనూ జాగ్రత్త పడాలి. మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది మొప్పలను కాల్చేస్తుంది. డ్రమ్ములో మూత లేకుండా ఒకరోజు ఎండలో ఉంచితే చాలావరకు పోతుంది. లేదంటే సోడియం థయోసల్ఫేట్ పలుకులు కలపాలి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ కూడా తక్కువే. పైపును ఎత్తులో కట్టి, నీళ్ళు చిమ్ముకుంటూ పడేలా చూడాలి.

నాలుగో రోజుకు మిగతా చేపలన్నీ హుషారుగా తిరిగాయి. పెద్ద కోయి పుండు మాత్రం అలాగే ఉంది. అసలు ప్రశ్న అప్పుడు వచ్చింది.

టబ్బులోకి తీస్తే

టబ్బుకున్న పెద్ద సుగుణం లెక్క. వంద లీటర్ల టబ్బులో లీటరుకు 3 గ్రాముల చొప్పున ఉప్పు వేయాలంటే 300 గ్రాములు, అంతే. కుంటలో ఎన్ని లీటర్లున్నాయో చాలామందికి తెలియదు. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో హెచ్చవేసి, వచ్చినదాన్ని 28.3తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. మాది 120 ఘనపుటడుగులు, దాదాపు 3,400 లీటర్లు. నేను అంతకుముందు రెండువేల లీటర్లే అనుకుంటూ వచ్చాను.

రెండో లాభం, చేప కళ్ళెదురుగా ఉంటుంది. పుండు అంచులు తెల్లబడుతున్నాయా, మొప్పలు ఎలా ఆడుతున్నాయి, రెట్ట ఎలా ఉంది, అన్నీ కనిపిస్తాయి. మందు తేడా చేసినా పోయేది ఒక్క చేపే, కుంటలోని ఫిల్టర్, కలువ, కప్పలు క్షేమం.

ఇక కష్టాలు. మొదటిది పట్టడం. వలలో పైకెత్తితే చేప గింజుకుని ఉన్న పొలుసులు కూడా ఊడగొట్టుకుంటుంది. వలతో ఓ మూలకు తోలి, నీళ్ళతో సహా బేసిన్‌లోకి తీసుకోవాలి. రెండోది, టబ్బులో ఫిల్టర్ ఉండదు కాబట్టి చేప వదిలే అమ్మోనియా దానికే విషమవుతుంది. రోజూ సగం నీళ్ళు మార్చాల్సిందే. యాభై లీటర్లు తీసి యాభై పోస్తే, పోసినవాటికి మాత్రం 150 గ్రాముల ఉప్పు మళ్ళీ కలపాలి. ఈ లెక్క మర్చిపోతే మూడో రోజుకు ఉప్పూ ఉండదు, చేపా ఉండదు. మూడోది, చేప ఎగిరి బయట పడడం. టబ్బు మీద వల కట్టకుండా పడుకున్న రాత్రి నాకొకటి నేర్పింది, దాని గురించి ఇంకేం చెప్పను.

అడుగు పొడవు చేపకు వంద లీటర్లు ఇరుకే, రెండు మూడు వందలైతే నయం. టబ్బును నీడలో పెట్టాలి. వేసవిలో డాబా మీద పెడితే మధ్యాహ్నానికి నీళ్ళు కాగిపోతాయి. వేడెక్కేకొద్దీ నీళ్ళు ఆక్సిజన్‌ను పట్టుకోలేవు: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా నిలిస్తే, 30 దగ్గర ఏడున్నరే. ఎయిర్ పంపు లేకుండా టబ్బు వైద్యం పెట్టుకోకపోవడమే మంచిది.

కుంటలోనే వేస్తే

చేపను కదిలించక్కర్లేదు, అది పెద్ద సౌకర్యం. పైగా కొన్ని తెగుళ్ళకు వేరే దారే లేదు. తెల్ల చుక్కల జబ్బు చూడండి. ఒక చేప రెక్క మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు కనిపించాయంటే ఆ పరాన్నజీవి అప్పటికే కుంటంతా ఉన్నట్టు లెక్క. చేప చర్మం కింద ఉన్నప్పుడు ఏ మందూ దాన్ని తాకదు. అక్కడినుంచి రాలి, అడుగున పిల్లలు పెట్టి, అవి కొత్త చేప కోసం ఈదుతున్నప్పుడే చస్తుంది. మన వేడికి ఈ చక్రం వారం లోపలే తిరుగుతుంది, చలికాలంలో నిదానిస్తుంది. చుక్కలున్న చేపను మాత్రం టబ్బులోకి తీస్తే మిగతావాటికి వారంలో వస్తాయి.

చేప పేను సంగతీ ఇంతే. అర సెంటీమీటరు దాకా పెరిగే చదునైన పురుగు, కంటికి ఆనుతుంది. చేప గోడకేసి ఒళ్ళు రుద్దుకుంటుంటే దాన్ని అనుమానించాలి. టబ్బులో ట్వీజర్‌తో ఏరేయొచ్చు గానీ గుడ్లన్నీ కుంట గోడలకూ రాళ్ళకూ ఉంటాయి. చెరువుల్లో వెదురు బొంగులో చెక్కలో పాతుతారు, పేను వాటి మీద గుడ్లు పెడుతుంది, వారానికోసారి తీసి ఎండలో ఆరబెడితే గుడ్లు చస్తాయి. పెరటి కుంటకు రెండు చెక్కముక్కలు చాలు. నాకు బాగా నచ్చిన వైద్యం ఇది, ఖర్చు లేదు, మోతాదు తప్పే భయం లేదు. పేనుకు రైతులు పురుగుమందులు కూడా వాడతారు. వాటిని ఎకరాల లెక్కన కొలుస్తారు, మనది తొట్టి. పుండ్ల తెగులుకు భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ తయారుచేసిన సిఫాక్స్‌నే తీసుకుంటే, హెక్టారు విస్తీర్ణంలో మీటరు లోతు నీటికి ఒక లీటరు పోస్తారు. ఆ లెక్కన మా కుంటకు రావాల్సింది మిల్లీలీటరులో మూడో వంతు! మూతతో కొలిచి పోసేవాళ్ళు ఇది ఒకసారి ఆలోచించాలి.

ఉప్పా, పర్మాంగనేటా

కుంటలో వేసేది ఏదన్నప్పుడు మన దగ్గర తిరిగేవి ముఖ్యంగా ఈ రెండే. నా ఓటు ఉప్పుకే.

మంచినీటి చేప ఒంట్లో ఉప్పు ఎక్కువ, బయట నీళ్ళలో తక్కువ. అందుకని నీళ్ళు ఎప్పుడూ లోపలికి ఊరుతూనే ఉంటాయి, వాటిని మూత్రంగా తోడి పోయడం చేపకు నిత్యం ఉండే పని. పుండు పడితే అదొక తెరిచిన తలుపు, ఆ పని రెట్టింపవుతుంది. నీళ్ళలో లీటరుకు 3 గ్రాముల ఉప్పు కలిపితే ఈ భారం తగ్గి, మిగిలిన సత్తువ పుండు మానడానికి ఖర్చవుతుంది. నైట్రైట్ విషాన్ని కూడా ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. రాళ్ళ ఉప్పు వాడండి, ఒకేసారి కుమ్మరించకుండా రోజుకు మూడో వంతు చొప్పున కరిగించి పోయండి.

కుంటలో ఉప్పు వేయడానికి మా ఇంట్లో అడ్డొచ్చింది కలువ. 3,400 లీటర్లకు పది కిలోల పైచిలుకు ఉప్పు పడుతుంది, నీటి మొక్కలకు అది గిట్టదు. ఇంకోటి, ఉప్పు ఆవిరవదు. నీళ్ళు ఆవిరై తగ్గినప్పుడల్లా పోసుకుంటూ, ప్రతిసారీ ఉప్పు వేస్తే సముద్రమవుతుంది. ఫిల్టర్‌లో అమ్మోనియాను పీల్చే జియోలైట్ రాళ్ళు ఉంటే ముందే తీసేయాలి, లేకపోతే అది ఇన్నాళ్ళూ పట్టి ఉంచిన అమ్మోనియాను ఉప్పు తగలగానే వదిలేస్తుంది.

పొటాషియం పర్మాంగనేట్ అంటే బావుల్లో వేసే ఊదారంగు పలుకులు. వెయ్యి లీటర్లకు 2 గ్రాములు. మొప్పల మీది పురుగులకూ, ఒంటి మీది బ్యాక్టీరియాకూ ఉప్పుకన్నా గట్టి దెబ్బే కొడుతుంది. కానీ దానికి చేప ఏదో, నాచు ఏదో తెలియదు, ఎదురైన ప్రతిదాన్నీ కాలుస్తుంది. మురికి నీళ్ళలో వేస్తే పది నిమిషాల్లో గోధుమరంగుకు తిరిగి ఊరుకుంటుంది, పని జరగదు. శుభ్రమైన నీళ్ళలో అదే మోతాదు ఘాటెక్కుతుంది. మా కుంటకు 6.8 గ్రాములు కావాలి, వంటింటి త్రాసులో అంత చిన్న తూకం నమ్మకంగా రాదు. నేను చెంచాతో, కంటికొలతతో, అదీ సాయంత్రం పూట వేశాను. పచ్చటి నీళ్ళలో సాయంత్రానికి పీహెచ్ బాగా పెరిగి ఉంటుంది, అప్పుడు ఈ మందు మొప్పల మీద మడ్డిలా పేరుకుంటుంది. చచ్చిన నాచు రాత్రంతా కుళ్ళి ఆక్సిజన్ లాగేసింది. తెల్లారేసరికి చేపలన్నీ నోళ్ళు పైకి పెట్టి ఉన్నాయి, రెండు గోల్డ్‌ఫిష్ అప్పటికే పోయాయి. మావయ్యకు చెబితే తిట్టలేదు, "పొద్దున వెయ్యాలిరా" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు వేయాల్సి వస్తే ముందు నీళ్ళు మార్చి, పొద్దున్నే, బంగారం తూచే చిన్న త్రాసులో తూచి, ఎయిర్ పంపు ఆన్ చేసి, నాలుగు గంటలు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా పక్కనే ఉంచుకుంటాను, పోస్తే ఊదారంగు విరిగిపోతుంది. చేపల పరాన్నజీవులకు వాడే ఫార్మలిన్‌తో పర్మాంగనేట్‌ను ఎప్పుడూ కలపకూడదు.

షాపులో మరో రెండు చూపిస్తారు. మిథిలిన్ బ్లూ టబ్బులో బూజుకు పనికొస్తుంది, కుంటలో పోస్తే ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాను చంపుతుంది. యాంటీబయాటిక్ గొట్టం మాత్రలు విప్పి నీళ్ళలో కలపడం మాత్రం వద్దు. టెట్రాసైక్లిన్ రకాలను బోరు నీళ్ళలోని కాల్షియమే పట్టేసుకుంటుంది, చేపకు చేరేది కొంచెం, మందుకు లొంగని బ్యాక్టీరియా తయారయ్యేది ఎక్కువ. పుండు లోతుగా ఉంటే చేపలు తెలిసిన పశువైద్యుడితో మేతలోనో ఇంజెక్షన్‌గానో ఇప్పించడమే సరి.

ఇంతకీ ఎప్పుడు ఏది

ఒకటి రెండు చేపలకు పుండు, రెక్క కుళ్ళు, దెబ్బ తగిలిన గాయం: టబ్బు, ఉప్పు, ఇంకో ఆలోచన వద్దు. ఒకే రోజు అన్నీ మందగించి, మొప్పలు వేగంగా ఆడుతుంటే అది జబ్బు కాదు, నీళ్ళు. మొప్పలు చాక్లెట్ రంగుకు తిరిగితే నైట్రైట్, కుంటలోనే ఉప్పు వేయాలి. తెల్ల చుక్కలకూ అంతే, మొక్కలను తీసి బకెట్లో పెట్టుకోండి. మొక్కలు తీయలేని కుంట అయితే చేపలన్నిటినీ ఉప్పు కలిపిన పెద్ద డ్రమ్ముల్లోకి మార్చి కుంటను వారం పది రోజులు చేపల్లేకుండా వదిలేయొచ్చు, చేప దొరకని చుక్కల పురుగు రెండు మూడు రోజుల్లో చస్తుంది. పర్మాంగనేట్ నా లెక్కలో ఆఖరిది.

కొర్రమీను పెంచేవాళ్ళు చలికాలంలో పుండ్లు చూస్తే తేలిగ్గా తీసుకోకూడదు. 1988లో మన దేశంలోకి అడుగుపెట్టిన పుండ్ల తెగులు దానికి బాగా అంటుతుంది, అది బూజు జాతి జీవి పని. కోయి జాతి దాన్ని చాలావరకు తట్టుకుంటుంది.

పొట్ట ఉబ్బి, పొలుసులన్నీ నిక్కబొడుచుకున్న చేపకు టబ్బూ కుంటా రెండూ ఒకటే, మూత్రపిండాలు పోయాక వచ్చే రూపం అది. రెండు మూడు రోజులు ఉప్పు టబ్బులో చూసి, తిరగబడిపోతుంటే లీటరు నీళ్ళకు అర మిల్లీలీటరు లవంగ నూనె బాగా గిలకొట్టి అందులో ఉంచుతాను. నిద్రపోయినట్టు పోతుంది. మొప్పలు ఆగాక కూడా పావుగంట పైగా అలాగే వదలాలి.

మా పెద్ద కోయి టబ్బులో పదహారు రోజులుంది. పుండు మీద గులాబీ రంగు పొర కట్టాక, టబ్బులోకి కుంట నీళ్ళు కొంచెం కొంచెంగా రెండు గంటల పాటు పోసి, ఉప్పు పలచనయ్యాక వదిలాను. మిగిలిన టబ్బు నీళ్ళు వృథా ఎందుకని కరివేపాకు మొదట్లో పోశాను. చేప బాగానే ఉంది, కరివేపాకు ఇంకా చిగుర్లు వేయలేదు.