ప్రెడ్నిసొలోన్‌కి ఏది మేలు: బంధించిన కణమా, బంధించిన ఎంజైమా?

ప్రాజెక్టుల టైమ్ వచ్చిందంటే ఎమ్మెస్సీ పిల్లలు మా ఇంటికి కూడా వచ్చేస్తారు. మొన్న కాకుటూరు నుంచి బస్సెక్కి నెల్లూరు వచ్చిన ఒకమ్మాయి నీళ్లు కూడా తాగకుండానే అడిగింది: "మేడమ్, హైడ్రోకార్టిసోన్‌ని ప్రెడ్నిసొలోన్‌గా మార్చాలి. బ్యాక్టీరియా కణాల్నే పూసల్లో బంధించనా, ఎంజైమ్‌ని విడిగా తీసి బంధించనా?"

రెండూ స్టెరాయిడ్ మందులే. బంధించడమంటే కొట్టుకుపోకుండా, మళ్లీ వాడుకునేలా జెల్‌లో ఇరికించడం. చూడటానికి మార్పు చిన్నదే. 1, 2 కార్బన్ల నుంచి చెరొక హైడ్రోజన్ తీసేస్తే వాటి మధ్య డబుల్ బాండ్ వస్తుంది. దాంతోనే మందు బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. ఉబ్బసానికీ కీళ్లవాతానికీ డాక్టర్లు రాసే మాత్ర అదే. ఆర్థ్రోబాక్టర్ సింప్లెక్స్ అనే బ్యాక్టీరియాకి ఈ పని బాగా వచ్చు.

కాగితం మీద ఎంజైమే ముద్దుగా కనిపిస్తుంది. ఒకే పని చేస్తుంది, వేరే చెత్త తయారవదు. కానీ తీసిన హైడ్రోజన్లు దానిలోని ఎఫ్ఏడీ అనే సహాయక అణువు మీదే కూర్చుంటాయి. వాటిని ఎవరో ఒకరు దించుకోవాలి. కణంలో అయితే శ్వాసక్రియ గొలుసు వాటిని ఆక్సిజన్ దాకా చేరుస్తుంది. బయటికి తీసిన ఎంజైమ్‌కైతే ఆ హైడ్రోజన్లని అందుకునే మెనాడియోన్ లాంటి రసాయనం మనమే పోయాలి. కణాలు పగలగొట్టడం, చల్లగా సెంట్రిఫ్యూజ్ చేయడం, శుద్ధి చేయడం అదనం. మధ్యలో కరెంటు పోతే టెన్షన్ వేరే. "పాలు కావాలని పొదుగొక్కటే కోసి తెచ్చుకుంటామా?" అంటే ఆ పిల్ల నవ్వింది.

ఇక హైడ్రోకార్టిసోన్ తయారీలో 11వ కార్బన్ మీద హైడ్రాక్సిల్ (ఓహెచ్) పెట్టే కర్వులేరియా లునాటా బూజు విషయంలో ఎంజైమ్ మాటే ఎత్తను. దానికి పీ450 అనే ఎంజైమ్, దానికి ఎలక్ట్రాన్లు అందించే ఎన్ఏడీపీహెచ్ అన్నీ కావాలి. 1970లోనే మోస్‌బాక్, లార్సన్ అనే శాస్త్రవేత్తలు ఈ రెండు మార్పుల్నీ పాలిఅక్రిలమైడ్ జెల్‌లో బంధించి చేసి చూపించారు. పిల్లలకి మాత్రం సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేటే చెప్తాను. అక్రిలమైడ్ నరాలకి విషం, కణాలకీ మంచిది కాదు.

కణాలు కలిపిన సోడియం ఆల్జినేట్‌ని కాల్షియం క్లోరైడ్‌లోకి చుక్కలుగా వదిలితే సగ్గుబియ్యంలా పూసలు కడతాయి. వడకట్టి, కడిగి, మళ్లీ వాడుకోవచ్చు. తంటాలు లేకపోలేదు. పూస లావైతే ఆక్సిజన్ లోపలికి అందక పై పొరే పనిచేస్తుంది. కణంలోని వేరే ఎంజైమ్ 20వ కార్బన్ దగ్గర వేలుపెట్టి ఇంకో పదార్థం చేసిపెట్టొచ్చు. హైడ్రోకార్టిసోన్ నీళ్లలో లీటరుకి సుమారు 0.3 గ్రాములే కరుగుతుంది కాబట్టి కాస్త మిథనాల్ కలపక తప్పదు, ఎక్కువైతే కణాలు చస్తాయి. నా మొదటి పూసలైతే తెల్లారేసరికి జావైపోయాయి. ఫాస్ఫేట్ బఫర్ వాడాను మరి, అది కాల్షియాన్ని లాగేసుకుంది.

ఒక్క బ్యాచ్‌తో సరిపెట్టుకునేటట్టయితే బంధించడమే దండగ. కణాలు చవక, పెంచి, వాడి, పారేయొచ్చు. నాలుగైదు సార్లు వాడి చూపించాలంటే ఆల్జినేట్ పూసల్లో కణాలకే నా ఓటు.

వెళ్లేటప్పుడు ఒకటి చెప్పి పంపాను: "ఫాస్ఫేట్ లేని ట్రిస్ బఫర్ తీసుకో. స్పెక్ట్రోఫోటోమీటర్ని నమ్ముకోకు, రెండు స్టెరాయిడ్లూ 242 నానోమీటర్ల దగ్గరే కాంతిని పీలుస్తాయి, తేడా తెలీదు. రెండింటినీ విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడే కనుక్కో."