ఐస్ హౌస్: మెరీనా ఎదురుగా ఒక మంచుగడ్డల ఇల్లు

చెన్నై ట్రిప్లికేన్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాం. ఆటోవాళ్లకి ‘ఐస్ హౌస్ దగ్గర’ అని గుర్తు చెప్పడమే తప్ప, ఆ ఇంట్లో ఏనాడూ అడుగుపెట్టలేదు. మొన్న నెల్లూరు నుంచి మా అత్తమ్మ వస్తే బీచికి వెళ్తూ లోపలికి తీసుకెళ్లాను. ఇప్పుడు దాని పేరు వివేకానందర్ ఇల్లం.

ముందువైపు గుండ్రంగా ఉండే ఈ కట్టడం మామూలు బంగళాలా ఉండదు. అసలు మనుషుల కోసం కట్టిందే కాదు. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి 1842లో ఐసు నిలవ చేసుకోవడానికి కట్టించాడు. అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన నీళ్లను దిమ్మెలుగా కోసి, రంపపు పొట్టు కప్పి, నెలల తరబడి ఓడలో తెచ్చేవాళ్లు. 1833లో కలకత్తాకి మొదటిసారి 180 టన్నులు బయల్దేరితే 100 టన్నుల దాకా చేరిందట! మద్రాసుకి అప్పటికి హార్బరు కూడా లేదు. ఓడ దూరంగా ఆగితే, సరుకు మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకి రావాలి. ఆ ఎండలో, ఆ ఇసుకలో ఐసు! కిటికీ దగ్గర గోడ మందం చూస్తుంటే అదే తలుచుకున్నాను.

ఇక్కడే ఐసు తయారవడం మొదలయ్యాక ఆ వ్యాపారం పోయింది. బిళిగిరి అయ్యంగారు అనే వకీలు కొని, కిటికీలు, వరండాలు పెట్టించారు. 1897 ఫిబ్రవరిలో వివేకానందులు బస చేసింది ఇక్కడే. లోపల ప్రదర్శన ఎక్కువగా ఆయన గురించే. శ్రద్ధగా పెట్టారు, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. సాయంత్రం వెళ్తే అటునుంచి అటే బీచికి పోవచ్చు.

నాకు మాత్రం తర్వాతి కథే మనసులో నిలిచిపోయింది. చిన్నతనంలోనే భర్త పోయిన సుబ్బలక్ష్మి గారు 1911లో ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. పూర్తిచేసి, తనలాంటి పిల్లల కోసం హాస్టల్ పెట్టారు. కొన్నాళ్లకి దాన్ని ఈ ఇంట్లోకే తెచ్చారు. ఇది చెప్తుంటే అత్తమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది. వాళ్ల నాయనమ్మ చెల్లెలికి తొమ్మిదేళ్లకే బొట్టు తీసేశారు.

“చదివించిందా అమ్మాయ్, ఆ పిల్లల్ని?”

“చదివించారు అత్తమ్మా. టీచర్లయ్యారు కూడా.”

కాసేపు ఏం మాట్లాడలేదు. బయటికొచ్చాక, బీచి తర్వాత చూద్దాం, ముందు ఆమె చదివిన కాలేజీ ఎక్కడో చూపించమంది.