బాక్స్‌లాకా, సైడ్‌లాకా? పాత డబుల్ బారెల్ తుపాకుల్లో ఏది మేలు?

పాత డబుల్ బారెల్ తుపాకులు సేకరించేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, మాట ఎక్కడ మొదలైనా చివరికి బాక్స్‌లాక్ మేలా, సైడ్‌లాక్ మేలా అన్నదానికే వస్తుంది. లాక్ అంటే ట్రిగ్గర్ నొక్కగానే తూటాను పేల్చే లోపలి యంత్రం. సైడ్‌లాక్ ఉన్నవాళ్లు కాస్త గొంతు పెంచుతారు, దానికి పోసిన డబ్బు అలాంటిది మరి. బాక్స్‌లాక్ వాళ్లు నవ్వి ఊరుకుంటారు. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను: ఊరూపేరూ లేని సైడ్‌లాక్ కంటే మంచి తయారీదారు చేసిన బాక్స్‌లాక్ వెయ్యి రెట్లు నయం.

ఇప్పుడు మనం చూసే బాక్స్‌లాక్‌లలో చాలావాటికి మూలం బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్లీ రిచర్డ్స్‌లో పనిచేసిన విలియం ఆన్సన్, జాన్ డీలీలు 1875లో తీసుకున్న పేటెంట్. గొట్టాలు కిందికి వాలినప్పుడు ముందువైపు మీటలు లోపలి టంబ్లర్లను, అంటే తూటాను పేల్చే సుత్తులను, వెనక్కి లేపుతాయి. తుపాకీ తెరిస్తే చాలు, కాక్ అయిపోతుంది, అంటే పేలడానికి సిద్ధమవుతుంది. ఒక్కో లాక్‌కు టంబ్లర్, ట్రిగ్గర్ నొక్కేదాకా దాన్ని పట్టి ఉంచే సియర్, స్ప్రింగ్, ఆ కాకింగ్ మీట, అంతే సరంజామా. అంతా ఇనుప బాడీ కడుపులోనే ఉంటుంది. సైడ్‌లాక్‌లో ఈ పనిముట్లను రెండు పక్కల పలకలకు బిగించి, ఆ పలకలను చెక్కలోకి ఒదిగిస్తారు.

సైడ్‌లాక్‌కు నిజంగా మార్కులు పడే చోటు ట్రిగ్గర్. పలక మీద చోటు ఎక్కువ కాబట్టి సియర్‌ను పొడుగ్గా, తీరుగా అమర్చవచ్చు. మంచి పనివాడి చేతిలో లాగుడు గాజు పుల్ల విరిగినంత స్పష్టంగా వస్తుంది. రెండోది, మేలురకం సైడ్‌లాక్‌లలో ఉండే అదనపు సియర్. తుపాకీ ఎక్కడైనా గట్టిగా తగిలి మొదటి సియర్ జారినా, ట్రిగ్గర్ నొక్కనంతవరకు ఇది టంబ్లర్‌ను మధ్యలోనే పట్టుకుంటుంది. బాక్స్‌లాక్‌లోనూ దీన్ని పెట్టవచ్చు గానీ మామూలు రకాల్లో సాధారణంగా కనిపించదు. ఇక నగిషీకి దొరికే విశాలమైన పలక సంగతి సరేసరి. ఆ మోజును నేను తప్పుపట్టను.

‘సైడ్‌లాకే గట్టిది’ అనే మాట మాత్రం సగమే నిజం. బాక్స్‌లాక్ బాడీని లోపల తొలిచేస్తారు కాబట్టి, గొట్టాల అడుగు ఆనే పడక, నిలువు ముఖం కలిసే మూల కొంత బలహీనపడుతుందన్నది సైడ్‌లాక్ వాళ్ల వాదన. స్ప్రింగు ముందువైపు ఉండే బార్ యాక్షన్ సైడ్‌లాక్‌లోనూ దానికోసం అదే పడకను పక్కనుంచి తొలుస్తారు కదా! స్ప్రింగు వెనక ఉండే బ్యాక్ యాక్షన్‌లో ఇనుము నిండుగా మిగులుతుంది, అందుకే బరువైన డబుల్ రైఫిళ్లకు దాన్ని ఎక్కువగా వాడారు. కానీ ఆ మేరకు చెక్క పోతుంది.

నా దృష్టిలో అసలు గొడవ ఆ చెక్కతోనే. లాక్ పలకల వెనక చెక్క పలచబడి, ప్రతి పేలుడు దెబ్బా అక్కడే పడుతుంది. అమెరికాలో చేసిన ఎల్.సి. స్మిత్ తుపాకులు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, పలక చివర నుంచి వెనక్కి పాకే సన్నని బీట వాటికి పుట్టుమచ్చలాంటిది. అదే దేశపు ఎ.హెచ్. ఫాక్స్ బాక్స్‌లాక్. లోపల భాగాలు తక్కువ, చెక్కకు కోత కూడా తక్కువ. ఏ రకమైనా సరే, ఏళ్ల తరబడి మూతి పైకి పెట్టి నిలబెట్టిన తుపాకీలో నూనె మెల్లగా దిగి, చెక్క తలభాగం నల్లబడి మెత్తబడుతుంది. గోరుతో నొక్కి చూడండి. అందుకే తెలిసినవాళ్లు నూనె పెట్టాక మూతి కిందికి ఉంచుతారు.

బేరానికి వెళ్లినప్పుడు ఇంకో సంగతి. పక్కన పెద్ద పలక ఉన్నంత మాత్రాన అది సైడ్‌లాక్ కాదు. అందం కోసం బాక్స్‌లాక్‌కు ఉత్తుత్తి పలకలు తొడగడం పాత అలవాటే. అసలు పలకైతే టంబ్లర్ ఇరుసు, సియర్ పిన్ను కొనలు బయటికి కనిపిస్తాయి. ఇరుసు కొన మీద సన్నని బంగారు గీత ఉంటే, అది తిరిగిన తీరును బట్టి కాక్ అయిందో లేదో తెలుస్తుంది. ఉత్తుత్తి పలకలో సాధారణంగా ఇవేవీ ఉండవు. తర్వాత స్క్రూల గాడి చూడండి. మంచి తుపాకీలో గాళ్లన్నీ ఒకే దిశలో, అంచులు చెక్కుచెదరకుండా ఉంటాయి. గాడి నలిగిందంటే, తగని స్క్రూడ్రైవర్‌తో ఎవరో లోపల చెయ్యి పెట్టారన్నమాటే. విప్పడం తేలిక కాబట్టి ఈ ప్రమాదం సైడ్‌లాక్‌కే ఎక్కువ.

పైగా, ఏ లాక్ అయినా గొట్టాలు పాడైతే చేసేదేమీ లేదు. గొట్టాల అడుగున ప్రూఫ్ ముద్రలు (బలపరీక్షలో నెగ్గినట్టు వేసేవి), చాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు, గోడ మందం ముందు చూసి, లాక్ గురించి తర్వాత మాట్లాడండి. పాత బ్రిటిష్ పన్నెండు బోర్లలో చాలావాటి చాంబర్ రెండున్నర అంగుళాలే, ఇప్పటి రెండు ముప్పావు అంగుళాల తూటా వాటికి కాదు. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చుట్టి చేసిన డమాస్కస్ గొట్టాలైతే గన్‌స్మిత్ కొలిచి చెప్పాకే తూటా మాట.

బాక్స్‌లాక్ అంటే చవకరకం అనుకునేవాళ్లకు బర్మింగ్‌హామ్ తయారీదారు గ్రీనర్ పేరు ఒక్కటి చాలు. వెస్ట్లీ రిచర్డ్స్ వాళ్లే 1897లో, అడుగు మూత తీసి లాక్‌లను చేత్తోనే బయటికి లాగే రకాన్ని తెచ్చారు. పనితనంలో అది ఏ లండన్ సైడ్‌లాక్‌కూ తీసిపోదు. నేను ఓడిపోయానని ఒప్పుకునేది లండన్ తయారీదారు పర్డీ సైడ్‌లాక్ ఒక్కదాని దగ్గరే. ఫ్రెడరిక్ బీస్లీ 1880లో పేటెంట్ చేసిన ఆ ఏర్పాటులో, టంబ్లర్లను నడిపే స్ప్రింగులే గొట్టాలను తెరవడానికీ సాయపడతాయి. మూసేటప్పుడు మాత్రం కాస్త బలం పెట్టాలి.