పాము గూటికి హీట్ మ్యాట్: మూడు చలికాలాలు వాడాక

"ఏటి బాబూ, పాముకి కరెంటు దుప్పటేటి?" నాగుల చవితి నాడు పుట్టకి పాలు పోసి వస్తూ మా పక్కింటి అమ్మమ్మ గుమ్మంలో ఆగి నవ్వింది. శ్రీకాకుళంలో హీటర్ అంటే ఎవరైనా నవ్వుతారు. కానీ ఆ చవితి దాటాకే మా మేడగది తెల్లవారుజామున చల్లబడటం మొదలవుతుంది. సంక్రాంతి ముందు గదిలోనే 18 డిగ్రీలు చూశాను. నేను పెంచే బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికా పాము. గూట్లో ఒక వైపు 31-32, రెండో వైపు 25-26 ఉండాలి. వేడి చాలకపోతే తిన్నది అరగదు. మొదటి జనవరిలో మింగిన ఎలుకని మూడో రోజు కక్కేసింది. ఆ వాసన సంగతి రాయను.

(మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. నాది కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదైన విదేశీ పాము.)

వెంటనే 14 వాట్ల హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచటి పట్టా) తెప్పించి, గూటి అడుగున మూడో వంతు మేర పరిచి, నేరుగా ప్లగ్గులో పెట్టేశాను. అదే పొరపాటు. మ్యాట్ తనంతట తాను ఆగదు. కవిటి నుంచి మా బావ తెచ్చే కొబ్బరి పొట్టు తేమకి బ్రహ్మాండం, కానీ మందంగా పోస్తే వేడిని కిందే పట్టేస్తుంది. పాము పొట్టు తవ్వుకుని పోయి సరిగ్గా అక్కడే పడుకుంది. కొలిస్తే 46! పొట్ట కింద పొలుసులు ఎర్రబడ్డాయి. రెండు కుబుసాలు విడిచాక గానీ మామూలు రంగుకి రాలేదు.

మ్యాట్ ఏ కంపెనీదైనా నాకు పెద్ద తేడా కనబడలేదు. అసలు పనంతా థర్మోస్టాట్‌దే. నేను వాడేది నాటుకోడి గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకి పెట్టే ఎస్‌టీసీ-1000. ఎన్ని డిగ్రీల దగ్గర ఆగాలో, ఎంత తగ్గితే మళ్లీ వెలగాలో మనమే పెట్టుకోవచ్చు. కరెంటు పోయి వచ్చినా సెట్టింగులు అలాగే ఉంటాయి. వెనక స్క్రూలన్నీ బయటికే ఉంటాయి కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో ఒక డబ్బాలో బిగించుకోండి.

దీనితోనూ ఒకసారి గుండె ఆగినంత పనైంది. రెండో ఏడాది సెన్సార్ని టేపుతో గూట్లో అంటించాను. తేమకి టేపు ఊడింది, పాము ఆ వైరుని నీళ్ల గిన్నె దాకా ఈడ్చింది. థర్మోస్టాట్ పాపం 24 చూస్తూ రాత్రంతా మ్యాట్‌ని ఆపలేదు. అదృష్టం, పాము చల్లటి వైపు, తను దాక్కునే డిప్పలో ఉంది. ఇప్పుడు సెన్సార్ని మ్యాట్‌కీ పైనున్న టైలుకీ మధ్య ఇరికించాను. 35 పెడితే టైలు మీద 32 వస్తుంది. ఈ లెక్క మీ టైలుకి మారుతుంది, ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలుచుకోండి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ వద్దు, అది శరీర ఉష్ణోగ్రతకి తగ్గట్టు అంకె సవరించి చూపిస్తుంది.

మ్యాట్ నేలనే కాస్తుంది, గాలిని కాదు. అందుకని చలి రాత్రులకి 60 వాట్ల సెరామిక్ బల్బు (వెలుతురు లేకుండా వేడే ఇచ్చేది) కూడా పెట్టాను, పింగాణీ హోల్డరుతో, చుట్టూ జాలీతో. గాలి వేడెక్కింది గానీ తేమ 60 శాతం నుంచి 40కి పడిపోయింది, ఆ నెల కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. చివరికి గాజు తొట్టె తీసేసి వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టె చేయించాను. వేడి నిలిచింది, బల్బు వెలిగే సమయం సగానికి తగ్గింది. ఈ పని మొదటే చేయాల్సింది. థర్మోస్టాట్ ఆపుతూ ఉంటుంది కాబట్టి మ్యాట్‌కి నెలకి అయిదారు యూనిట్లకి మించి కాలదు, ఇన్వర్టర్ మీద కూడా నడుస్తుంది. ఇన్వర్టర్ లేని రోజుల్లో వేడినీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి పెట్టేవాణ్ణి.

శివరాత్రికి చలి శివశివా అని పోగానే బల్బు తీసేస్తాను. మ్యాట్ ఉగాది దాకా ఉంటుంది. మే నెలలో అదే థర్మోస్టాట్ 36 చూపిస్తుంటే, పెట్టెని కింది గదిలోకి మోసుకెళ్లడమే నా పని.