లైకుల లెక్క దాచే సెట్టింగ్: మూడేళ్లు వాడాక

ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల సంఖ్య కనపడకుండా చేసుకునే వీలు 2021 మేలో అందరికీ వచ్చింది. నేను మొదలుపెట్టింది ఆ మరుసటేడు, సద్దుల బతుకమ్మ అయిన తెల్లారి. పండగ రాత్రి హనుమకొండ పద్మాక్షి గుండం నుంచి ఇంటికొచ్చి, తడి చీర కూడా మార్చుకోకుండా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నా బతుకమ్మ ఫోటోకు 41, మా ఆడబిడ్డ పెట్టిన ఫోటోకు 300 దాటాయి. పొద్దున్నుంచి గునుగు కోసి, రంగులద్ది, తంగేడుతో వరుసలు పేర్చానా, ఆ అంకె చూడగానే అంతా దండగనిపించింది. నిద్ర పట్టలేదు.

సెట్టింగ్ రెండు రకాలు. ఇతరుల పోస్టుల మీద సంఖ్య మనకు కనపడకుండా చేసేది బాగా పనిచేస్తుంది. నెల తిరగకముందే నాకు పోల్చుకునే టెన్షన్ తగ్గింది. రెండోది మన పోస్టు మీద సంఖ్యను ఇతరులకు దాచేది. చిక్కంతా దీంతోనే. లైక్ చేసినవాళ్ల జాబితా నొక్కితే మన లెక్క మనకు తెలిసిపోతుంది. మొదటి ఏడాది రోజూ నొక్కుతూనే ఉన్నాను. లైకుల నోటిఫికేషన్లు విడిగా ఆపుకోవాలని చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు ఎక్కువ తేడా తెలిసింది అవి ఆపాకే.

గౌరవం రెండు రకాలని అమెరికా మనస్తత్వవేత్త అబ్రహం మాస్లో 1943లోనే రాశాడు: మన మీద మనకుండేది, నలుగురూ ఇచ్చేది. నేను రెండోదాన్ని అంకెల్లో వెతుక్కున్నాను. పోయినేడు గుండం దగ్గర ఒక పెద్దమ్మ నా తాంబాళం ముందు వంగి, వరుసలన్నీ వేలితో తడిమి చూసింది. "కాడలు మంచిగ సమంగ కోసినవ్ బిడ్డా. పైన గుమ్మడి పువ్వు వదులుగున్నది, గౌరమ్మ ఒరిగింది సూస్కో" అన్నది. తప్పు చూపించినా నాకు కడుపు నిండినట్టయింది. నా పనిని అంత దగ్గరగా చూసినవాళ్లు అంతకుముందు లేరు. ఆ ఫోటోకు ఎన్ని లైకులొచ్చాయో ఇప్పటికీ చూడలేదు.

సెట్టింగ్‌కు అయిదులో మూడు ఇస్తాను. పక్కవాళ్ల అంకెలు చూసి కుమిలిపోయేవాళ్లు ఇవాళే పెట్టుకోండి. సొంత లెక్క చూడకుండా ఉండలేనివాళ్లు మాత్రం ముందు నోటిఫికేషన్లు ఆపండి.