పాత కెమెరా, ఒక్క ఫ్లాష్: 86 వేలతో నీళ్ల కింద నా ఫోటోలు

రుషికొండలో నాకు డైవింగ్ నేర్పిన కుర్రాణ్ని మొదటి రోజే అడిగాను, ఏ కెమెరా కొనమంటావని. సిలిండర్ వాల్వు బిగిస్తూనే, "మేడమ్, ముందు నీళ్లల్లో కదలకుండా నిలబడ్డం నేర్చుకోండి. కెమెరా ఎక్కడికీ పోదు" అన్నాడు. నేను ఆగలేకపోయాను. ఆ నెలలోనే ఆన్‌లైన్‌లో ఒక చౌక వాటర్‌ప్రూఫ్ కేసు తెప్పించాను. 40 మీటర్ల దాకా తట్టుకుంటుందని పెట్టె మీద అచ్చేసి ఉంది. 9 మీటర్ల దగ్గర అద్దం వెనక నీటి గీత కనిపించింది. పైకి వచ్చేసరికి మా నాన్నగారిచ్చిన పాత డిజిటల్ కెమెరా సగం దాకా ఉప్పునీళ్లలో మునిగి ఉంది. నీళ్లు తగిలితే వారంటీ వర్తించదని అమ్మినవాళ్లు జవాబు రాశారు. నీళ్లలో వాడమని అమ్మిన వస్తువుకి అలా రాయడం తలచుకుంటే నాకిప్పటికీ కోపమొస్తుంది.

తర్వాత 30 డైవుల దాకా చేతిలో ఏమీ పట్టుకోలేదు. అలా ఆగడం వల్ల చాలా మేలు జరిగింది. కాళ్లు ఆడించి కింద ఇసుక లేపితే ఎంత ఖరీదైన కెమెరా అయినా మడ్డినీళ్ల ఫోటోలే ఇస్తుంది. పైగా పగడాలకి దెబ్బ తగులుతుంది. ఊపిరితోనే పైకీ కిందికీ సర్దుకోవడం వచ్చాక కొనండి. ఇది నేను చాలా గట్టిగా చెప్పే మాట.

గాజువాకలో హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. అన్నీ కలిపి లక్ష దాటకూడదని మా ఇంట్లో అనుకున్నాం. గోప్రో తీసుకోమని చాలామంది అన్నారు. కేసు లేకుండా 10 మీటర్లు, కేసుతో 60 మీటర్లు వెళ్తుంది, వీడియోకి బాగుంటుంది. కానీ దానికి ఫ్లాష్ లేదు, బయటి ఫ్లాష్‌ని వెలిగించనూ లేదు. నాకు కావలసింది ఫోటోలు, అందుకే వద్దనుకున్నాను. సీలైఫ్ మైక్రో 3.0 మీద మనసు పడింది. పూర్తిగా సీలు చేసిన కెమెరా, తెరిచే మూతే లేదు కాబట్టి నీళ్లు దూరే భయం లేదు. మెమరీ కూడా లోపలే, 64 జీబీ. ఒకసారి కెమెరా ముంచుకున్న నాలాంటివాళ్లకి అది పెద్ద ఊరట. కానీ చిన్న చిన్న జీవాల్ని బాగా దగ్గరగా తియ్యడానికి దాని లెన్సు ఫోకస్ కాదు. నాకేమో గోరంత రొయ్యలంటేనే ప్రాణం.

చివరికి ఒలింపస్ టీజీ-6 తీసుకున్నాను, సెకండ్ హ్యాండ్‌లో, 24,000కి. 2019లో వచ్చిన మోడల్. 2023లో ఓఎం సిస్టమ్ పేరుతో టీజీ-7 వచ్చింది. నీళ్ల కింద ఫోటోల వరకు ఆ రెండింటికీ మధ్య అదనపు డబ్బు పెట్టేంత తేడా నాకు కనపడలేదు. రెండూ 12 మెగాపిక్సెల్, రెండూ తర్వాత రంగులు సర్దుకోవడానికి వీలిచ్చే రా ఫైలు ఇస్తాయి, పీటీ-059 హౌసింగ్ (కెమెరాని లోపల పెట్టి మూసే, నీళ్లు దూరని గట్టి పెట్టె) రెండింటికీ సరిపోతుంది. రేపు కెమెరా పాడైనా హౌసింగ్ నిలుస్తుంది. కెమెరా ఒక్కటే 15 మీటర్లు తట్టుకుంటుంది, హౌసింగ్‌లో పెడితే 45. నా డైవింగ్ సర్టిఫికెట్ 30 మీటర్లకే కాబట్టి అది చాలు. హౌసింగ్ మాత్రం కొత్తది, 27,000. దాని విషయంలో పిసినారితనం చెయ్యొద్దు.

మిగిలిన డబ్బంతా వెలుగు మీద పెట్టాను. ఇనాన్ ఎస్-2000 ఫ్లాష్, వాడినదే, 22,000. హౌసింగ్‌ని బిగించే ట్రే, దాని మీద ఫ్లాష్‌ని పట్టుకునే మడత చెయ్యి, కెమెరా ఫ్లాష్ వెలుగుని బయటి ఫ్లాష్‌కి చేరవేసే ఫైబర్ ఆప్టిక్ తీగ కలిపి 9,000. సెల్స్, చార్జర్‌కి 4,000. మొత్తం 86,000.

వెలుగు మీద అంత ఎందుకో చెప్తాను. అండమాన్‌లో హేవ్‌లాక్ దగ్గర, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, 16 మీటర్ల లోతులో ఒక రాతి చూరు కింద జానెడు చేప ఆగి ఉంది. కోరల్ గ్రూపర్ అని గైడ్ పలక మీద రాసి చూపించాడు. నా కంటికి అది కాచిన టీ పొడి రంగులో ఉంది. ఫ్లాష్ ఆపి ఒకటి తీశాను, ఆన్ చేసి ఇంకోటి తీశాను. రెండోదాంట్లో అది పండు మిరపకాయంత ఎరుపు. ఒంటి నిండా నీలం చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ సన్నటి ముదురు అంచు. మాస్కులోనే "అమ్మో" అన్నాను, బుడగలు వచ్చాయి. నీళ్లు ఎర్ర వెలుగుని ముందు మింగేస్తాయి, 5 మీటర్లు దాటేసరికే చాలావరకు పోతుంది. నీలం మిగులుతుంది. రంగు చేపలో లేక కాదు, దాని మీద పడే వెలుగులో ఎరుపు లేదు. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి తొమ్మిదో తరగతికి కాంతి పాఠం చెప్పాను. వెనక బెంచీ నుంచి కూడా చేతులు లేచాయి.

ఫ్లాష్ వెలుగు కూడా నీళ్లలోంచే వెళ్లి రావాలి. చేప మీటరు దూరంలో ఉంటే వెలుగు రెండు మీటర్ల నీళ్లు దాటినట్టే. అందుకని జూమ్ చేసే బదులు దగ్గరికి వెళ్లాలి. మూరెడు దూరానికి వెళ్లాక కూడా ఇంకొంచెం ముందుకి వెళ్లొచ్చేమో చూసుకుంటాను.

మన విశాఖ నీళ్లు అండమాన్ నీళ్లంత తేటగా ఉండవు. నలకలు ఎక్కువ. అరకు ఘాట్ రోడ్డులో పొగమంచు పట్టినప్పుడు హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ లేస్తుంది కదా, కెమెరా పక్కనే ఉన్న ఫ్లాష్ అలాగే చేస్తుంది. నలకలన్నీ మెరిసి ఫోటో మీద మంచు కురిసినట్టు ఉంటుంది. ఫ్లాష్ ఉన్న ట్రే చేతిని బాగా పక్కకి చాపి, ఫ్లాష్ మొహాన్ని కాస్త బయటికి తిప్పితే లెన్సుకీ చేపకీ మధ్య నీళ్లలో వెలుగు తక్కువ పడుతుంది, చేప మీద వెలుగు అంచు తగులుతుంది. ఇది కుదరడానికి నాకు పది డైవులు పట్టింది. ఒక్క ఫ్లాష్ కాబట్టి ఒక పక్క నీడ వస్తుంది. చిన్న జీవాలకైతే ఫ్లాష్‌ని నడినెత్తి మీదికి తెచ్చేస్తాను, ఎండ పడ్డట్టే ఉంటుంది.

టీజీ-6లో మైక్రోస్కోప్ మోడ్ ఉంది. లెన్సుకి 1 సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. ఈ ధరలో ఇది దొరకడం నిజంగా అదృష్టం. కాకపోతే అంత దగ్గరికి పోతే హౌసింగ్ మూతి నీడ దాని మీదే పడుతుంది, ఫ్లాష్ వెలుగు దూరదు. ఈ ఒక్క పనికి మాత్రం కాస్త జూమ్ చేసి నాలుగు వేళ్లంత వెనక్కి జరిగితే వెలుగు లోపలికి వస్తుంది. నెయిల్ పాలిష్ చుక్కంత రొయ్య కళ్లు విడివిడిగా కనపడ్డాయి నాకు.

కెమెరా సొంత ఫ్లాష్ బలాన్ని మాన్యువల్‌లో 1/64 వంతుకి దించి పెట్టండి. బయటి ఫ్లాష్‌కి తీగలోంచి సైగ అందితే చాలు, కెమెరా తన బలమంతా ఖర్చు పెట్టక్కర్లేదు. బ్యాటరీ నిలుస్తుంది, మళ్లీ మళ్లీ వెంటనే తియ్యొచ్చు. నాకిది ఎవరూ చెప్పలేదు. మొదటి ట్రిప్పంతా ఒక్కో ఫోటోకీ ఆగుతూ గడిపాను.

లోపాలూ ఉన్నాయి. షట్టర్ వేగం మనం పెట్టుకునే మోడ్ లేదు, అపర్చర్‌కి, అంటే లెన్సులో వెలుగు దూరే రంధ్రానికి, మూడే మెట్లు. నీలం బ్యాక్‌గ్రౌండ్ నచ్చినంత చిక్కగా తెచ్చుకోవాలంటే ఇబ్బంది. వెడల్పు దృశ్యాలకి ఈ లెన్సు చాలదు. పెద్ద పగడపు దిబ్బ మొత్తం రావాలనుకునేవాళ్లు ఇది కొనకండి. బ్యాటరీ నాకు రెండు డైవులకే వస్తోంది, రెండోది తప్పనిసరి.

ఓ-రింగ్ సంగతి, అంటే హౌసింగ్ మూత అంచున నీళ్లు దూరకుండా ఆపే రబ్బరు రింగు. హేవ్‌లాక్ లాడ్జిలో పొద్దున్నే ఏసీ గదిలో కూర్చుని రింగు తీసి, గ్రీజు రాసిన వేళ్ల మధ్య మెల్లగా లాగుతూ చూస్తాను. ఏసీ గాలిలో తేమ తక్కువ, లోపల అద్దానికి ఆవిరి పట్టదు. ఒకరోజు వేలికి ఏదో తగిలింది. వెలుతురుకి పెట్టి చూస్తే నా తల వెంట్రుకే, రింగు చుట్టూ సగం దాకా అతుక్కుని ఉంది. ఆ ఒక్క వెంట్రుక చాలు హౌసింగ్ మునగడానికి. అప్పట్నుంచి జడ వేసుకుని, కొప్పు చుట్టి, గుడ్డ కట్టుకున్నాకే మూత తెరుస్తాను. కొత్త హౌసింగ్‌ని మొదట కెమెరా లేకుండా, లోపల టిష్యూ పెట్టి నీళ్లలోకి దించండి. టిష్యూ పొడిగా వస్తేనే కెమెరా పెట్టండి. డైవ్ అయ్యాక బకెట్ మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లలో ఉండగానే బటన్లన్నీ నొక్కండి. ఉప్పు కరిగి బయటికి పోతుంది.

ఫ్లాష్ కొన్నప్పుడు నేను చెయ్యాల్సిన పనొకటి చెయ్యలేదు. బ్యాటరీ గది తెరిచి చూడలేదు. ఇంటికి తెచ్చాక చూస్తే ఒక స్ప్రింగు మీద పచ్చగా చిలుము. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. కాటన్ బడ్ వెనిగర్‌లో ముంచి రెండు సాయంత్రాలు గోకితే వదిలింది. నాలుగు డబుల్ ఏ పెన్సిల్ సెల్స్ వేస్తాను, అన్నీ ఒకేసారి కొన్నవి. సెట్టుకో రంగు మార్కర్ గీత, ఒకదానితో ఒకటి కలవకుండా.

ఇప్పుడు రెండో ఫ్లాష్ కోసం నెలకి రెండు వేలు పక్కన పెడుతున్నాను. అదీ ఎస్-2000నే, అదీ వాడినదే. బ్యాటరీ గది మూత నా చేత్తో తీసి, టార్చి వేసి చూసుకున్నాకే డబ్బులిస్తాను.